ఒక దుకాణం, ఒక కాగితం, ఒక ఎడారి

తర్ఫాయా ఒడ్డున నిలబడి చూస్తే కాసా దెల్ మార్ కోటలా అనిపించదు. కప్పు ఊడిపోయి, కిటికీలు బోసిపోయిన పాత గోదాములా ఉంటుంది. మొరాకో దక్షిణ కొసన, సహారా ఇసుక అట్లాంటిక్‌లో కలిసేచోట, తీరానికి కాస్త ఎడంగా ఉన్న రాతి తిప్ప మీద దాన్ని కట్టారు. పోటు తగ్గినప్పుడు నడిచి వెళ్లవచ్చు. నాచు పట్టిన రాళ్ల మీద ఒక చేత్తో చెప్పులు, రెండో చేత్తో కళ్లద్దాలు పట్టుకుని నేనూ వెళ్లాను. అక్కడి గాలి అలాంటిది. దగ్గరికి వెళ్తే, ఉప్పుగాలి తొలిచేసిన గోడరాయి వేలు తగిలితే చాలు పొడిగా రాలుతోంది.

కట్టించింది సైన్యం కాదు, డొనాల్డ్ మెకెంజీ అనే బ్రిటిష్ వ్యాపారి. కాలువ తవ్వి, ఎడారిలోకి సముద్రాన్ని మళ్లించి, టింబక్టు వైపు ఓడలు నడపాలన్నది ఆయన మొదటి ఆలోచన! అది కాగితం దాటలేదు కానీ 1882లో ఈ వర్తక కేంద్రం లేచింది. ఉత్తరాన మొగదోర్ రేవుకు పోయే ఒంటెల బిడారులను ఇక్కడే ఆపాలన్నది ఎత్తుగడ. సుల్తానుకు అది కంటగింపయింది. చివరికి 1895లో మొరాకోయే 50 వేల పౌండ్లకు దాన్ని కొనేసింది.

అసలు కథ ఆ బేరం కాగితంలో ఉంది. ఉత్తరాన ద్రా నది నుంచి దక్షిణాన పశ్చిమ సహారా తీరంలోని బొజదోర్ అగ్రం దాకా నేల మొరాకోదేనని బ్రిటన్ అందులో ఒప్పుకుంది. మొరాకోకు దక్షిణాన, అప్పటికి స్పెయిన్ పాలనలో ఉన్న ఆ పశ్చిమ సహారా ఎవరిదన్న వివాదం 1975లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి చేరినప్పుడు మొరాకో ఆ కాగితాన్నే ముందుపెట్టింది. సుల్తాను హక్కుకు ఇకపై అడ్డు చెప్పబోమన్న హామీయే తప్ప, అప్పటికే ఆ నేల ఆయనదని గుర్తించడం కాదని న్యాయమూర్తులు తేల్చారు. నాకూ అదే సబబనిపించింది. నష్టాల దుకాణం వదిలించుకునేవాడు ఏం రాసివ్వమన్నా రాసిస్తాడు.

మధ్యలో, 1916 నుంచి 1958 దాకా, ఊరు స్పెయిన్ చేతిలో ఉంది. హేగ్ అభిప్రాయం వెలువడిన మూడు వారాలకు, నవంబరు 6న, దాదాపు మూడున్నర లక్షల మంది మొరాకన్లు పశ్చిమ సహారా తమదేనంటూ ఈ తర్ఫాయా వైపు నుంచే దాని సరిహద్దు దాటారు.

మధ్యాహ్నం షేర్ టాక్సీలో నేనూ అదే దారిన పశ్చిమ సహారాలోని లాయూన్ నగరానికి వెళ్లాను. సరిహద్దు ఎక్కడ దాటామో నా ఫోనులోని చుక్కల గీత చెప్పింది. ఊళ్లో కొన్న మొరాకో మ్యాపులో ఆ గీతే లేదు. లాయూన్ వీధుల్లో ఐక్యరాజ్యసమితి తెల్ల బండ్లు తిరుగుతున్నాయి. స్వాతంత్ర్యమా, మొరాకోలో కలవడమా అన్నదానిపై ప్రజాభిప్రాయ సేకరణ జరిపించడానికని 1991లో వచ్చిన బృందమది. ఆ ఓటింగు ఇప్పటికీ జరగలేదు.