చింతగింజలతో హైడ్రోజన్

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర

పొద్దున బడికి బయలుదేరుతూ వామనగుంటల పీట పక్కనున్న డబ్బాలోంచి రెండు గుప్పెళ్ల చింతగింజలు రుమాలులో మూటకట్టుకున్నాను. పదో తరగతికి ఈ రోజు సమయోజనీయ బంధం చెప్పాలి, అంటే పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని కలిసి ఉండడం. బోర్డు మీద ఎలక్ట్రాన్లకు గుర్తుగా చుక్కలు పెడితే పిల్లలు పుస్తకంలోకి ఎక్కించుకుంటారు, అంతే. ఆ చుక్కను చేత్తో పట్టుకుని జరిపితే వేరుగా ఉంటుందని చాలాకాలంగా అనుకుంటున్నాను.

బల్లలు గోడవైపు జరిపించి, నేల మీద సుద్దముక్కతో రెండు వృత్తాలు గీశాను, ఒకదాని అంచు మరొకదానిలోకి వచ్చేలా. వృత్తం పరమాణువు, గింజ ఎలక్ట్రాన్. ఒక్కోదాంట్లో ఒక గింజ. రెండింటినీ మధ్యనున్న ఉమ్మడి చోటుకు జరపమన్నాను. అది హైడ్రోజన్ అణువు. తరువాత క్లోరిన్. ఒక్కో పరమాణువుకు బయటి కక్ష్యలో ఏడు గింజలు. ఆరు తన దగ్గరే ఉంచుకుని ఒక్కటి మధ్యలో పెడితే, ఎటునుంచి లెక్కపెట్టినా ఎనిమిదే. పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని వేలుపెట్టి లెక్కపెట్టుకున్నారు. "దేనితోనూ తేలిగ్గా కలవని జడవాయువులాగా ఎనిమిది నిండాలని కోరుకుంటాయి, అందుకే పంచుకుంటాయి" అన్నాను. ఏటా అనే మాటే.

అప్పుడు కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేచింది. సాధారణంగా నోరు విప్పదు. "టీచర్, ఎలక్ట్రాన్లు రెండూ ఋణావేశమే కదా. ఒకదాన్నొకటి తోసుకోవా? మధ్యలో పక్కపక్కన ఎలా ఉంటాయి?"

నేలమీద పక్కపక్కనే పడివున్న ఆ రెండు గింజలను చూస్తూ కాసేపు ఊరుకున్నాను. ఆ పిల్ల అడిగింది అక్షరాలా సరైన ప్రశ్న. ఎనిమిది నిండడం అన్నది ఎన్ని బంధాలు ఏర్పడతాయో లెక్క చెబుతుంది. ఆ బంధం ఎందుకు నిలుస్తుందో చెప్పదు. పరమాణువుకు కోరికలూ ఉండవు.

తోసుకుంటాయమ్మా, నువ్వన్నది నిజమే అన్నాను. ఎలక్ట్రాన్లు తోసుకుంటాయి, పరమాణువుల నడిమధ్యన ధనావేశంతో ఉండే రెండు కేంద్రకాలూ తోసుకుంటాయి. కానీ విడిగా ఉన్నప్పుడు ఒక ఎలక్ట్రాన్‌ను లాగే కేంద్రకం ఒక్కటే. దగ్గరికి వచ్చాక అదే ఎలక్ట్రాన్‌ను రెండు కేంద్రకాలు లాగుతాయి. రెండు కేంద్రకాల నడుమ ఎలక్ట్రాన్ మేఘం చిక్కబడుతుంది, అది రెండింటినీ కట్టి ఉంచుతుంది. తోపుళ్లన్నీ తీసేసినా ఇంకా లాగుడే మిగులుతుంది. మరీ దగ్గరైతే కేంద్రకాల తోపుడు గెలుస్తుంది. హైడ్రోజన్‌లో ఈ రెండూ సరితూగే దూరం 74 పికోమీటర్లు. పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లవ వంతు. అక్కడ స్థిరపడిన ఒక మోల్ (అణువులను లెక్కించే కొలత) అణువులను విడదీయాలంటే 436 కిలోజౌళ్లు ఖర్చుపెట్టాలి. కలిసినప్పుడు అంత శక్తీ బయటికి పోయింది కాబట్టే విడదీయడానికి అంత కావాలి.

ఇంకో మాట కూడా చెప్పాను, అది చెప్పినందుకు నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంది. ఎలక్ట్రాన్ల జంటే బంధం అని అమెరికా శాస్త్రవేత్త లూయిస్ 1916లో రాశాడు. ఈ చుక్కల బొమ్మలు ఆయనవే. ఆ జంట ఎందుకు పట్టి ఉంచుతుందో లెక్కకట్టి చూపింది మాత్రం 1927లో హైట్లర్, లండన్ అనే ఇద్దరు, ఎలక్ట్రాన్లలాంటి అతిచిన్న కణాల తీరును లెక్కకట్టే, అప్పుడే పుట్టిన క్వాంటమ్ యాంత్రికశాస్త్రంతో. నీ ప్రశ్నకు జవాబు రావడానికి పదకొండేళ్లు పట్టిందమ్మా అన్నాను. ఆ పిల్ల కూర్చోకుండా అలాగే నిలబడింది, ఇంకా ఏదో ఆలోచిస్తూ.

నైట్రోజన్ గంట కొట్టబోయే ముందు వచ్చింది. మధ్యలో ఆరు గింజలు, మూడు జంటలు. మా పిల్లల్లో చాలామంది సేద్యం చేసే ఇళ్లవాళ్లే, యూరియా బస్తా తెలియనివాళ్లు లేరు. గాలిలో నూటికి 78 వంతులు నైట్రోజనే అయినా పైరు దాన్ని నేరుగా తీసుకోలేకపోవడానికి ఈ ఆరు గింజలే కారణమన్నాను. ఆ బంధం విప్పడానికి మోల్‌కు 945 కిలోజౌళ్లు కావాలి. యూరియాకు కావలసిన అమ్మోనియా తయారుచేసే కర్మాగారంలో చర్యను వేగంగా జరిపించే ఉత్ప్రేరకంగా ఇనుము పెట్టి, 400 డిగ్రీలకు పైబడిన వేడిలో, వాతావరణ పీడనానికి వందరెట్లు మించిన ఒత్తిడిలో నైట్రోజన్‌ను హైడ్రోజన్‌తో కలుపుతారు. చిక్కుడు, వేరుశనగ వేళ్ల బొడిపెల్లో ఉండే బాక్టీరియా అదే పనిని మామూలు మట్టిలో చేస్తుంది. "మా చేనులో వేరుశనగే టీచర్" అని వెనకనుంచి ఒకడు గర్వంగా అరిచాడు.

రేపు ఆక్సిజన్. గింజలతో పేరిస్తే మధ్యలో రెండు జంటలు, ఒక్కోవైపు మరో రెండు జంటలు, అన్నీ చక్కగా జతపడినట్టే కనిపిస్తాయి. కానీ ద్రవ ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంతపు ధ్రువాల మధ్య పోస్తే అక్కడే అంటుకుని వేలాడుతుంది. జతలేని ఎలక్ట్రాన్లు ఉంటే తప్ప అలా జరగదు, ఆక్సిజన్ అణువులో అలాంటివి రెండున్నాయి. ఇన్నేళ్లూ ఆ సంగతి పదో తరగతిలో ఎత్తలేదు, పరీక్షకు అక్కరలేదని. రేపు గింజలు పేర్చడం అయ్యాక ఈ బొమ్మ ఇక్కడ తప్పుతుందని వాళ్లకు చెప్తాను. కిటికీ పక్క పిల్ల ఎలాగూ అడుగుతుంది.