మోగినా ఆఫే, ఆరినా ఆఫే

చాలాకాలం క్రితం ఒక ఆంగ్ల కథలో ‘ది అలారం వెంట్ ఆఫ్ ఎట్ ఫైవ్’ అన్న వాక్యం చదివి, అయిదు గంటలకు అలారం ఆగిపోయిందని అర్థం చేసుకున్నాను. మరుసటి వాక్యంలోనే కథానాయకుడు లేచి ముఖం కడుక్కుంటున్నాడు. గడియారం మొరాయించినా వేళకు లేచాడే అని అతని క్రమశిక్షణను మెచ్చుకున్నాను కూడా. అలారం ఆగలేదని, మోగిందని నిఘంటువు తిరగేసేదాకా తెలియలేదు.

‘ఆఫ్’ మనకు స్విచ్చుల ద్వారా పరిచయమైన మాట కావడమే ఆ పొరపాటుకు కారణం. ‘ది లైట్ వెంట్ ఆఫ్’ అంటే దీపం ఆరిందనే అర్థం కనుక నా ఊహ మరీ నిరాధారమైనదీ కాదు. అయితే అదే ‘గో ఆఫ్’ బాంబుకు పేలడం, తుపాకికి గుండు వెలువడటం, మనిషికి ఎటో వెళ్ళిపోవడం, బ్రిటిష్ వాడుకలో పాలకు పాడవడం అవుతుంది. ‘ఐ హావ్ గాన్ ఆఫ్ కాఫీ’ అంటే కాఫీ మీద ఇష్టం పోయిందని. ఏ అర్థమో చెప్పేది క్రియ కాదు, చాలావరకు దాని కర్త.

ఈ ‘ఆఫ్’, ఒకే ఎఫ్‌తో రాసే ‘ఆవ్’ ప్రాచీన ఆంగ్లంలో ఒకే మాట. ‘నుంచి, దూరంగా’ అని దాని భావం. నొక్కి పలికిన రూపం క్రమంగా రెండు ఎఫ్‌లతో విడిపోయి, 17వ శతాబ్దం నాటికి వేరే పదంగా స్థిరపడింది. ఆ ‘దూరంగా’ను పట్టుకుంటే చిక్కుముడి చాలావరకు విడుతుంది. వెలుగు దూరమైతే దీపం ఆరుతుంది, మంచి స్థితి నుంచి దూరమైతే పాలు పాడవుతాయి, బిగించి పట్టి ఉంచిన శక్తి పట్టు విడిపించుకుంటే తుపాకి పేలుతుంది. అలారం కూడా ఈ చివరి కోవలోనిదేనని నా అభిప్రాయం.

విచిత్రమేమిటంటే, తెలుగులో ‘పోవు’ దాదాపు ఇదే పని చేస్తుంది: దీపం ఆరిపోతుంది, పాలు పాడైపోతాయి, మనిషి వెళ్ళిపోతాడు, ఇష్టం పోతుంది, బాంబు సైతం పేలిపోతుంది. అలారం ఒక్కటే ఈ వరుసలో ఇమడదు. ‘మోగిపోయింది’ అంటే ఎడతెగకుండా, చెవులు చిల్లులు పడేలా మోగిందని అర్థం మారుతుంది. నేను తడబడినది సరిగ్గా అక్కడే. ఇప్పటికీ ‘ది అలారం వెంట్ ఆఫ్, సో ఐ టర్న్డ్ ఇట్ ఆఫ్’ వంటి వాక్యం ఎదురైతే, మొదటి ‘ఆఫ్’ దగ్గర ఒక్క క్షణం ఆగి గానీ రెండో దానికి వెళ్ళను.