వెల్లూరు సిపాయిలు 54 మిల్లీమీటర్లలో: ఇప్పటిదాకా అయిన పని

బల్ల మీద నేను చేస్తున్న చిన్న సైనిక బొమ్మలు రెండు వరసలుగా నిలబడ్డాయి. రెండింట్లోనూ ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యపు సిపాయిలే. ముందు వరసవాళ్ళు 1805 నాటివాళ్ళు, వెనక వరసవాళ్ళు 1806 వేసవి నాటివాళ్ళు. 1806 జులైలో వెల్లూరు కోటలో ఈ సిపాయిలు తమ తెల్ల అధికారుల మీద తిరగబడ్డారు. ఈ రెండు వరసలూ పక్కపక్కన చూస్తే ఆ తిరుగుబాటు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పకుండానే తెలియాలన్నది నా పంతం. అందుకే యుద్ధ దృశ్యం పెట్టుకోలేదు. పొగ లేదు, కూలిన గోడ లేదు. పరేడులో నిలబడ్డ మనుషులు, అంతే.

చట్రాలు, తుపాకులు

54 మిల్లీమీటర్లంటే ఇంచుమించు 1:32 స్కేలు. చట్రానికి ఎలక్ట్రీషియన్లు వాడే 1 స్క్వేర్ ఎంఎం రాగి తీగ చాలు, పై తొడుగు ఒలిచేయాలి. ఒకే తీగను మడిచి కాళ్ళూ నడుమూ, ఇంకో ముక్క భుజాల దగ్గర చుట్టి చేతులు. పాదాల కింద సెంటీమీటరు తీగ వదిలేసి కార్కు ముక్కలో గుచ్చితే, చివరిదాకా బొమ్మను వేళ్ళతో ముట్టుకోనక్కర్లేదు.

ఒంటికి రెండు భాగాల ఎపాక్సీ పుట్టీ. ప్లంబర్లు వాడే రకం చవకే గానీ చాలా త్వరగా బిగుసుకుపోతుంది. మొండేనికీ తొడలకూ పరవాలేదు, ముఖాలకు పనికిరాదు. ముఖాలకు నెమ్మదిగా గట్టిపడే మోడలింగ్ పుట్టీయే కావాలి. హైదరాబాదు ఎండల్లో అది కూడా తొందరపడుతుంది కాబట్టి కలిపిన ముద్దలో సగం ఫ్రిజ్‌లో పెట్టి, మిగతా సగంతో పని చేస్తున్నాను. పనిముట్టుకు అంటుకోకుండా కాస్త వాసెలిన్ రాస్తే చాలు. ఎక్కువ రాస్తే తర్వాత వేసిన పొర అంటుకోదు.

తుపాకీ లెక్క సులువే. ఆనాటి ఇండియా ప్యాటర్న్ మస్కెట్ గొట్టం 39 అంగుళాలు, 1:32లో 31 మిల్లీమీటర్లు. మెడికల్ షాపులో దొరికే 21 గేజ్ ఇంజెక్షన్ సూది బయటి వ్యాసం 0.8 మిల్లీమీటర్లు, అంటే గొట్టానికి అతికినట్టు సరిపోతుంది. పైగా అది నిజంగానే బోలు. కటింగ్ ప్లయర్‌తో కోస్తే చివర నొక్కుకుపోయి మూసుకుంటుంది. ముక్కోణపు ఆకురాయి కింద సూదిని దొర్లిస్తూ చుట్టూ గీత పడేలా రాసి, అక్కడ విరవాలి. కళ్ళద్దాలు పెట్టుకోండి, ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. కొయ్య భాగానికి అగరుబత్తి పుల్ల చీల్చి, బ్లేడుతో చెక్కాను. బాయ్‌నెట్ 17 అంగుళాలు, ఇక్కడ పదమూడున్నర మిల్లీమీటర్లు. గుండుసూది తల తీసేసి అతికించాను.

ముందు వరస ముఖాలు

ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. ఈ సైజులో తల మొత్తం 7 మిల్లీమీటర్లు, నుదురు రెండే. అందులో ఒకడికి అడ్డంగా మూడు విభూతి రేఖలు, ఒకడికి నిలువు నామం, ఇంకొకడికి ఒట్టి కుంకుమబొట్టు. కుంచె ఎంత సన్ననిదైనా కుదరలేదు. చర్మం రంగు బాగా ఆరాక, పలచన చేసిన తెలుపులో సూది మొన ముంచి, గీయకుండా చుక్కలు చుక్కలుగా పెట్టుకుంటూ పోతే గీత వచ్చింది. నామంలో ఎర్ర గీతను తెల్ల గీతల కన్నా ముందు వేయాలి. తర్వాత వేస్తే తెలుపులో కలిసి గులాబీ రంగైపోతుంది.

ముస్లిం సిపాయిలకు గడ్డాలు. ఒకడిది గుబురు, ఒకడిది కత్తిరించినది, ఒకడిది నెరిసినది. చెవిపోగులకు పాత ఇయర్‌ఫోన్ వైరులోని వెంట్రుకలాంటి రాగి పోగును సూది చుట్టూ చుట్టి, స్ప్రింగులా వచ్చినదాన్ని పొడుగునా కోస్తే రింగులు రాలతాయి. పట్టకారుతో పట్టి, సూపర్ గ్లూ చుక్కతో చెవికి అంటించాలి. ఫ్యాను ఆపడం మర్చిపోకండి.

మద్రాసు సైన్యపు సిపాయి అవతారం కంపెనీ మిగతా ప్రెసిడెన్సీల (బెంగాల్, బొంబాయి) సిపాయిలతో పోలిస్తే నాకు ఎప్పుడూ సరదాగానే ఉంటుంది. పైన ఇంగ్లీషువాడి ఎర్రకోటు, తలమీద ముదురు నీలం తలపాగా, కింద తొడల దాకా వచ్చే తెల్ల చెడ్డీ, ఉత్త కాళ్ళు, చెప్పులు. ఈ పటాలాల్లో తమిళులు, ముస్లింలతో పాటు మన ఉత్తర సర్కారుల తెలుగువాళ్ళూ బోలెడుమంది ఉండేవారు.

వెనక వరస

1805 నవంబరులో సర్వసేనాని సర్ జాన్ క్రాడాక్ కొత్త తలపాగాకు ఆమోదం తెలిపాడు. చూడ్డానికి అది దొరల టోపీలా ఉంటుంది, పైన తోలు కొకేడ్, అంటే టోపీకి గుచ్చే బిళ్ళలాంటి అలంకారం. ఆ వెంటనే వచ్చిన స్టాండింగ్ ఆర్డర్లలో (సైన్యం శాశ్వత నిబంధనల్లో) 11వ సెక్షన్, 10వ పేరా: యూనిఫాంలో ఉండగా దేశీ సిపాయి ముఖాన కులం తెలిపే బొట్టు పెట్టకూడదు, చెవిపోగులు పెట్టకూడదు, ప్రతి పరేడుకూ ప్రతి డ్యూటీకీ గడ్డం నున్నగా గీసుకుని రావాలి, మీసం పరిమాణమూ ఆకారమూ వీలైనంతవరకు అందరికీ ఒక్కలా ఉండాలి.

ఆ ఆఖరి ముక్క చదివాక వెనక వరస ఎలా చేయాలో తేలిపోయింది. ముందు వరస మీసాలు ఒక్కొక్కటీ విడిగా చేసినవి. వెనక వరసకు పుట్టీని దారంలా చుట్టి, గ్రాఫు కాగితం మీద పరిచి, రెండేసి మిల్లీమీటర్ల చొప్పున కోసేశాను. అన్ని ముఖాలకూ అవే ముక్కలు. పని ఎంత చకచకా అయిపోయిందో చెప్పలేను. బొట్లు లేవు, పోగులు లేవు, గడ్డాలకు బదులు నీళ్ళలా పలచన చేసిన బూడిద రంగు పూత. ఆరాక చూస్తే ఎవడు హిందువో ఎవడు ముస్లిమో నాకే తెలియలేదు. ఆర్డరు రాసినవాడికి కావలసింది సరిగ్గా అదే.

కొకేడ్‌కు సన్న కాగితం కోసి నల్లరంగు వేశాను. తోలు మెరుపు మామూలు వార్నిష్‌తో రాదు, రంగులేని గోళ్ళ పాలిష్ ఒక్క పూత వేస్తే వస్తుంది. నిజం తలపాగా మీద గొడవంతా దాని చుట్టూనే. అది ఆవు తోలా పంది తోలా అన్న అనుమానం రెండు మతాలవాళ్ళకూ ఒకేసారి పట్టుకుంది. పైగా టోపీ పెట్టినవాడు కిరస్తానీ అయిపోయినట్టేనని బజారులో ఎగతాళి. తుపాకీ మరలు తిప్పే సాధనాన్ని ఛాతీ మీద తగిలించుకోమంటే అది శిలువేనని ఇంకో పుకారు. ఆ సాధనం 1:32లో మిల్లీమీటరున్నర కూడా రాదు, అయినా పెట్టాను. అడుగు దూరం నుంచి చూస్తే నిజంగానే శిలువలా ఉంది!

1806 మేలో వెల్లూరులో ఉన్న 4వ రెజిమెంటు 2వ పటాలం ఆ తలపాగా పెట్టుకోబోమని మొండికేసింది. ఇద్దరికి కొరడా దెబ్బలు కొట్టి పనిలోంచి తీసేశారు, తక్కినవాళ్ళు క్షమాపణ చెప్పుకున్నారు, పటాలాన్ని మద్రాసుకు పంపేశారు. క్రమశిక్షణ కుదిరిందనుకున్నారు.

నాకు ఒళ్ళు మండేది దీని తర్వాతి కథ చదివినప్పుడే. జూన్‌లో ముస్తఫా బేగ్ అనే సిపాయి తన కల్నల్ దగ్గరికి వెళ్ళి, కుట్ర జరుగుతోందని ఉన్నదున్నట్టు చెప్పాడు. విచారణను దేశీ అధికారులకే అప్పగించారు. వాళ్ళు ఇతనికి పిచ్చి అన్నారు, ఇతన్ని బంధించారు. జులై 10న ఫీల్డు డే (మైదానంలో కవాతు) ఉందని, ఊళ్ళో భార్యాపిల్లలతో ఉండే సిపాయిలనూ 9వ తేదీ రాత్రి కోటలోనే పడుకోమన్నారు. అంటే తిరగబడాలనుకున్న వాళ్ళందరినీ దొరలే ఒకచోటికి చేర్చి పెట్టారు. మీసం కొలతలు రాసుకునే తీరిక ఉన్నవాళ్ళకు, ఒక సిపాయి ఎదురుగా నిలబడి చెప్పింది వినే ఓపిక లేకపోయింది.

69వ రెజిమెంటువాళ్ళు

వెల్లూరులో తెల్లవాళ్ళు 69వ రెజిమెంటు నుంచి నాలుగు కంపెనీలు. 10వ తేదీ తెల్లవారుజామున వాళ్ళు బరాకుల్లో నిద్రలో ఉండగానే కాల్పులు మొదలయ్యాయి, ఆసుపత్రిలో రోగులను కూడా వదల్లేదు. అధికారులు 14 మంది, 69వ రెజిమెంటువాళ్ళు 115 మంది చనిపోయారు. ఓ అరవైమంది బురుజు పట్టుకుని ఉండిపోయారు. వాళ్ళకు మిగిలిన పెద్దదిక్కు సార్జెంట్లూ ఇద్దరు అసిస్టెంటు సర్జన్లూ. అవతల సిపాయిలు కోట చేతికొచ్చాక దోపిడీలో పడి తలుపులు గట్టిగా కాచుకోలేదు. 16 మైళ్ళ దూరంలోని ఆర్కాటు నుంచి గిలెస్పీ అనే ఇంగ్లీషు అధికారి అశ్వికదళంతో వచ్చి, పైనుంచి వదిలిన తాడు, సార్జెంటు నడికట్టు పట్టుకుని గోడ ఎక్కాడు. తర్వాత ఫిరంగులొచ్చి గేటు పగలగొట్టాయి. ఇక అక్కడ జరిగింది ఊచకోతే. కోటలోని ప్యాలెస్‌లో దాక్కున్న సుమారు వందమంది సిపాయిలను బయటికి లాగి గోడకు నిలబెట్టి కాల్చేశారు. విచారణ పూర్తయ్యాక ఆరుగురిని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు, ఐదుగురిని కాల్చారు, ఎనిమిదిమందిని ఉరితీశారు. తిరగబడ్డ మూడు సిపాయి పటాలాలనూ రద్దు చేశారు. తలపాగా ఆర్డరూ రద్దయింది. క్రాడాక్‌నూ, గవర్నరు బెంటింక్‌నూ వెనక్కి పిలిపించారు.

ఈ రెజిమెంటు నుంచి ఒక్క సార్జెంటునే చేస్తున్నాను, వరసల చివర నిలబెట్టడానికి. కాలరుకూ చేతి అంచులకూ 69వ వాళ్ళది లేత ఆకుపచ్చ. ఆకుపచ్చలో చిటికెడు పసుపూ కాస్త బూడిద రంగూ కలిపితే దగ్గరగా వచ్చింది. నడికట్టుకు టిష్యూ పేపరు ముక్క ఫెవికాల్ నీళ్ళలో ముంచి, తడి మీదే ముడి వేశాను.

రంగుల సంగతి

ప్రైమరు రాణిగంజ్‌లో కొన్న ఆటోమొబైల్ గ్రే స్ప్రే. వానాకాలంలో సాయంత్రం కొడితే గాలిలో తేమకు తెల్లగా పొగచూరినట్టు అవుతుంది. మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడే, జానెడు దూరం నుంచి, రెండు పలచటి పూతలు. ఎరుపును డబ్బాలోంచి తీసినట్టే వాడకండి. ఆ కాలంలో మామూలు సైనికుడి కోటుకు అద్దకం మంజిష్ఠ జాతి వేరుతో, కొంచెం ఇటుక ఛాయలో ఉంటుంది. నిగనిగలాడే ఎరుపు అధికారులది, అది కొచినీల్ పురుగు రంగు. ఎరుపులో చుక్క గోధుమ రంగు కలిపితే సిపాయి, కలపకపోతే దొర. మడతల్లో నలుపు వేస్తే కోటు మురికిగా కనిపిస్తుంది, ముదురు గోధుమ వేయండి.

మిగిలిన పని

సార్జెంటు చేయి, వెనక వరసలో కొన్ని చెప్పుల పట్టీలు, పీఠం. పీఠానికి వెల్లూరు కోట నల్లరాతి పలకల తీరు అనుకుంటున్నాను. సన్న ఇసుక జల్లితే గరుకుతనం ఈ స్కేలుకు ఎక్కువైపోతోంది, అందుకని పాత టూత్‌బ్రష్‌తో తడి పుట్టీని పొడిచి చూడాలి.

ఆ తర్వాత మూడో వరస కూడా పెట్టాలని ఉంది, ఈసారి మన దగ్గరివాళ్ళు. వెల్లూరు కబురు వచ్చిన ఆ జులైలోనే హైదరాబాదు సబ్సిడరీ ఫోర్సులోనూ (నిజాం దగ్గర ఉంచిన కంపెనీ సైన్యంలోనూ) ఇదే తలపాగా మీద అలజడి రేగింది. కమాండరు మాంట్రెసర్ మద్రాసు అనుమతి కోసం కూర్చోకుండా ఆ ఆర్డర్లను ఆపేశాడు. ఇక్కడ గోల అంతటితో చల్లారింది. సికింద్రాబాదుకు ఆ పేరు పెట్టింది కూడా 1806లోనే. లేదంటే 1809 బందరు. అక్కడ గుడారాలు సమకూర్చుకోవడానికి అధికారులకిచ్చే కాంట్రాక్టు భత్యం తీసేశారనీ ఇంకా ఇతర కోపాలతోనూ తెల్ల అధికారులే తమ కమాండరు ఇన్నెస్‌ను నిర్బంధించారు. కొద్దిమంది ఉద్యోగాలు పోయాయి, చాలామందికి క్షమాభిక్ష దొరికింది, ఫిరంగి మూతికి మాత్రం ఎవరినీ కట్టలేదు. బందరే చేసేలా ఉన్నాను. అప్పుడు ఎరుపులో గోధుమ రంగు కలిపే పని ఉండదు గానీ, అధికారుల భుజాల మీద బంగారు జలతారు కుచ్చులు ఈ సైజులో ఎలా తీయాలో ముందు విడిగా చేసి చూసుకోవాలి. ఇయర్‌ఫోన్ వైరు ఇంకా మిగిలే ఉంది.