మామ ఖాతా పుస్తకంలో ఆఖరి గడి

నేను నల్లగొండలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. నాకు నలభై మూడో ఏడు నడుస్తున్నప్పుడు, పై అంతస్తులోని తొమ్మిదో తరగతి గదికి మెట్లెక్కి వెళ్లేసరికి హాజరు పిలవడానికి కూడా ఊపిరి అందకపోవడం మొదలైంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6.8 మాత్రమే ఉంది. ఊళ్లో చూపించుకున్న డాక్టరు ఆడవాళ్లకు ఇది మామూలేనని చెప్పి ఐరన్ మాత్రలు రాశారు. నెలసరి సరిగ్గానే ఉందని నేను చెప్పినా ఆ మాట చీటీలోకి ఎక్కలేదు. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లబడుతుందని తెలుసు కాబట్టి, ఆ నలుపును చూసి నేను కూడా కంగారు పడలేదు. అట్లా ఐదు నెలలు గడిచాయి.

చివరికి హైదరాబాదులో రెండు సీసాల రక్తం ఎక్కించి, పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ చేసి, పెద్దపేగు కుడివైపు మొదట్లో గడ్డ ఉందని చెప్పారు. అక్కడ పేగు వెడల్పుగా ఉంటుంది, మలం ఇంకా పలుచగానే ఉంటుంది. అందువల్ల గడ్డ పెరుగుతున్నా అడ్డు తగలదు, నొప్పి తెలియదు, రక్తం మాత్రం కంటికి కనబడకుండా కొంచెం కొంచెంగా పోతూ ఉంటుంది. కుడివైపు పేగును తీసేసి, దానితోపాటు తీసిన పద్దెనిమిది లింఫు గ్రంథులను పరీక్షిస్తే రెండింటిలో క్యాన్సర్ కనిపించింది. మూడో దశ అన్నారు.

గడ్డ ముక్కకు చేసిన మరో పరీక్షలో ఎంఎస్‌హెచ్2 అనే ప్రోటీను లేదని తేలింది. కణం విడిపోయేటప్పుడు డీఎన్‌ఏ నకలులో పడే తప్పులను దిద్దే పనిలో ఆ ప్రోటీనుకు భాగముంది. దాని జన్యువులో లోపం పుట్టుకతోనే ఉంటే లించ్ సిండ్రోమ్ అంటారు. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 3 శాతానికి ఇదే మూలం. మా వాళ్లలో ఇంతకుముందు ఎవరికైనా వచ్చిందా అని డాక్టరమ్మ అడిగితే లేదని వెంటనే చెప్పాను. అప్పుడు నా మనసులో మెదిలినవాళ్లందరూ మా నాయన తరఫు వాళ్లే. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ముప్పై ఎనిమిదో ఏట పోయిన మా అమ్మ గురించి మాకు చెప్పిన మాట "నెత్తురు తక్కువై పోయింది" అని మాత్రమే. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. "తల్లివైపు కూడా కనుక్కొని, ఎవరు ఏ వయసులో ఎట్లా పోయారో రాసి తీసుకురండి" అన్నారు. వార్డు నుంచి బయటికి వచ్చేటప్పుడు, అమ్మ తరఫు వంశవృక్షం రాసి పెట్టిన మా మేనమామ గుర్తొచ్చాడు. ఆయన పోయి అప్పటికి మూడేళ్లయింది.

మామ ముప్పై ఏళ్లకు పైగా ఒక దినపత్రికకు దేవరకొండ ప్రాంత విలేకరిగా పనిచేశాడు. రాసిన వార్తలను కవరులో పెట్టి, పైన 'ప్రెస్ - అర్జంట్' అని రాసి, హైదరాబాదు పోయే ఆఖరి బస్సు డ్రైవరు చేతికిచ్చి వచ్చేవాడు. ఆయన జీతం మాటేమో కానీ, ఆ బస్సు తప్పిన రోజు మాత్రం అన్నం సయించేది కాదని మా అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి అంటే ఆయనకు ప్రాణం. తెలంగాణలో కవులే లేరన్న మాటకు బదులుగా 354 మంది కవులను వెతికి పట్టి 1934లో ఒక్క సంచికలో అచ్చువేసిన మనిషి ఆయన అని, పేరు పెట్టి అడిగితేనే మనిషి ఉన్నట్టు తెలుస్తుందని మామ మాతో అనేవాడు.

వాళ్ల ఊరు ఏలేశ్వరం పక్కన కృష్ణ ఒడ్డున ఉండేది. నాగార్జునసాగర్ ముంపులో అది పోయింది. 1955లో ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినప్పుడు పిల్లవాడైన మామ, 1967లో కాలువలకు నీళ్లు వదిలేనాటికి తన వాళ్లు ఏ ఊళ్లకు చెదిరిపోయారో కూడా తెలియని స్థితిలో ఉన్నాడు. ఆయన వంశవృక్షం రాయడం అప్పుడే మొదలైంది. ఉర్దూ చదవగలడు కాబట్టి సేత్వార్లూ, 1954-55 కాస్రా పహాణీలూ అనే పాత భూమి రికార్డులు వెతికి ముత్తాతల పేర్లు రాసుకున్నాడు. పంటలు ఇంటికొచ్చినప్పుడు గోత్రాలు చెప్పడానికి వచ్చే పిచ్చకుంట్లవారిని అరుగు మీద కూర్చోబెట్టి రోజంతా చెప్పించుకునేవాడు. పహాణీలోనైనా, పిచ్చకుంట్లవారి పాటలోనైనా, పెత్రమాసనాడు (పితృ అమావాస్య) పెద్దల పేరిట బియ్యం ఇచ్చేటప్పుడు చెప్పే మూడు తరాల పేర్లలోనైనా ఆయనకు మగవాళ్లే ఎక్కువగా దొరికారు. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డల జాడ లేదు. అందుకని సెలవు దొరికితే చాలు, అచ్చంపేటనుంచి మిర్యాలగూడ దాకా బస్సుల్లో తిరిగి ఆడబిడ్డలను ఇచ్చిన ఇళ్లకు వెళ్లేవాడు. ఇంటిపేరు వేరైనవాళ్లను మన పుస్తకంలో ఎందుకు రాస్తున్నావని నా చిన్నతనంలో అడిగితే, "ఇంటిపేరు మారితే నెత్తురు మారుతదా బిడ్డా?" అన్నాడు.

ఎట్లా పోయారన్న సంగతి రాసే అలవాటు ఆయనకు ఫ్లోరైడు వార్తల నుంచి వచ్చిందని నా నమ్మకం. మర్రిగూడ, మునుగోడు వైపు వంకర కాళ్లతో, వంగని నడుములతో ఉన్నవాళ్ల గురించి రాసేటప్పుడు ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏ వయసులో మొదలైందో గడులు గీసి నింపుకునేవాడు. ఆ గడులే ఇంటి పుస్తకంలోకి వచ్చాయి.

అత్తమ్మ పాత పత్రికలను కిలోల లెక్కన అమ్మేసినా, మామ ట్రంకుపెట్టెను మాత్రం అమ్మలేదు. అందులో ఎర్ర గుడ్డ అట్టల ఖాతా పుస్తకాలు ఏడు ఉన్నాయి. ప్రతి పేజీలో పేరు, పుట్టిన ఊరు, ఇచ్చిన ఊరు, పిల్లలు, పోయిన ఏడు అనే గడులున్నాయి. ఆఖరి గడికి 'ఎట్ల పోయిండ్రు' అని శీర్షిక. వివరం చెప్పిన ముసలమ్మల చేత పేజీ అడుగున వేలిముద్ర వేయించుకున్నాడు. మూడో పుస్తకంలో మా అమ్మమ్మ పేజీ దొరికింది. ఆఖరి గడిలో "కడుపుల గడ్డ, 46" అని ఉంది. ఆమె అన్న పేరు ఎదురుగా "బంక విరేచనాలు, చిక్కిపోయి, 41". ఇంకో ఊరికి ఇచ్చిన ఆమె చెల్లెలికి "గర్భసంచిల పుండు, 44". కింద మా అమ్మ పేరు. అక్కడ మామ చేతిరాత మిగతా వరుసలకన్నా చిన్నగా ఉంది. "గర్భసంచి క్యాన్సరు. 38. బయటికి చెప్పొద్దన్నరు, చెల్లెండ్ల పెండ్లిళ్లున్నయి." అత్తమ్మ నా పక్కనే కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "నీకు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నడో బిడ్డా" అన్నది. మామ ఎవరికీ చెప్పలేదు, కానీ అబద్ధం రాయలేదు. నేను ఆయనను తప్పుపట్టలేకపోతున్నాను, చెప్పి ఉంటే బాగుండేదన్న బాధా పోవడం లేదు.

ఆ పేజీ చూసి డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక సంగతి చెప్పారు. 1895లో అమెరికాలోని మిషిగన్‌లో ఆల్‌డ్రెడ్ వార్థిన్ అనే వైద్యుడికి, తన వాళ్లలాగే తానూ కడుపులోనో గర్భసంచిలోనో క్యాన్సరుతో పోతానని ఒక కుట్టుపని చేసుకునే ఆమె చెప్పిందట. ఆయన ఆ కుటుంబ చరిత్రను సేకరించి 1913లో ప్రచురించాడు. ఆమె అన్నట్టే గర్భసంచి క్యాన్సరుతో పోయింది. దశాబ్దాల తర్వాత హెన్రీ లించ్ ఆ దారిలోనే మరిన్ని కుటుంబాలను పరిశీలించాడు. ఎంఎస్‌హెచ్2 జన్యువును 1993లో గుర్తించారు. దానిలో పుట్టుకతో వచ్చిన లోపమే నా రక్త పరీక్షలోనూ తేలింది.

ఆరు నెలల కీమోథెరపీలో మూడు వారాలకొకసారి సెలైను, మధ్యలో రెండు వారాలు మాత్రలు. ఆ సెలైనులో ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఎక్కించిన తర్వాత చన్నీళ్లు తాకితే వేళ్లలో కరెంటు కొట్టినట్టుండేది. మండువేసవిలో ఫ్రిజ్ తలుపు తెరవడానికి గుడ్డ పట్టుకునేదాన్ని. మాత్రల వల్ల అరచేతులు ఎర్రబడి, చర్మం లేచిపోయి, బ్యాంకులో వేలిముద్ర పడలేదు. ఆ సాయంత్రం మా అమ్మమ్మ వివరం చెప్పినామె పేజీ అడుగున వేసిన నీలి వేలిముద్రను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. కీమో పూర్తయ్యాక గర్భసంచి, అండాశయాలు కూడా తీయించుకున్నాను. ఇప్పుడు రెండేళ్లయింది. స్కానులు శుభ్రంగా ఉన్నాయి. తొమ్మిదో తరగతి మెట్లు ఒక్క దమ్ములో ఎక్కుతున్నాను.

ఈ లోపం ఉన్న తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ప్రతి బిడ్డకూ సగం అవకాశంతో వస్తుంది. ఉన్నదని ముందే తెలిస్తే ఇరవై, ఇరవై అయిదేళ్ల నుంచి ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేయించుకుంటూ, క్యాన్సర్ గడ్డ కాకముందే పేగులోని చిన్న బుడిపెలను తీసేయవచ్చు. మామ పుస్తకం పట్టుకుని, ఆడబిడ్డలను ఇచ్చిన ఊళ్లన్నింటికీ ఫోన్లు చేశాను. కొందరు పెళ్లికెదిగిన పిల్లలున్నారని పెట్టేశారు. ఆ మాట నాకు కొత్త కాదు కాబట్టి మళ్లీ చేశాను. పదకొండు మంది పరీక్ష చేయించుకున్నారు. నా చెల్లెలికి లేదు. నా కూతురి ఫలితం ఇంకా రావాలి. తమ్ముడికి ఉంది. వచ్చే సోమవారం వాడికి మొదటి కొలనోస్కోపీ. మూడో ఖాతా పుస్తకాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను, వాడి వెంట నేను కూడా హైదరాబాదు పోతున్నాను.