టౌన్ హాల్లో సురభి నాటకం

రాత్రి నెల్లూరు టౌన్ హాల్లో సురభి వాళ్ల నాటకం చూసొచ్చాక నిద్ర పట్టలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన బృందం, మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో తమ ఇంటి ఆడవాళ్లను స్టేజీ ఎక్కించిన కుటుంబాలు, సినిమా వచ్చినా టీవీ వచ్చినా ఇంకా ఆడుతూనే ఉన్నారు. వాళ్లకి ఇల్లు వేరు, నాటకం వేరు కాదు.

ఆట అయ్యాక తెర వెనక్కి వెళ్లాను. ఇందాకటి కృష్ణుడు కిరీటం తీసేసి బనీనుతో తెరలు చుడుతున్నాడు, రంగు పెచ్చులూడిన చోటల్లా అతుకులు. ట్రంకుపెట్టె మీద ఓ చిన్నపాప వేషంతోనే నిద్రపోయింది.

"పాపక్కూడా పద్యాలు వచ్చా అన్నా?" అంటే, "మాటలకంటే ముందు అవే వచ్చినాయి సార్" అన్నాడు.

ఈరోజు కూడా ఆట ఉంది, అమ్మను తీసుకెళ్తున్నా. మీరూ రండి, టికెట్ కొనుక్కునే రండి.