వెల్డర్ పనిలో ఇరవై ఏళ్లు నిలవాలంటే
విశాఖ గాజువాక చుట్టుపక్కల కాంట్రాక్టు పనులు వస్తుంటాయి, పోతుంటాయి. ఐటీఐ అయ్యాక ముందు ప్లేటు మీద 3జీ (నిలువు అతుకు), 4జీ (తల పైన అతుకు) పరీక్షలు. తర్వాతే 45 డిగ్రీల వాలులో బిగించిన పైపు, అంటే 6జీ. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. రూట్ గ్యాప్ (రెండు ముక్కల అడుగున వదిలే సందు) సమంగా లేకపోతే లోపలిదాకా పెనెట్రేషన్ రాదు, అంటే కరిగిన లోహం దిగదు, ఎక్స్‌రేలో దొరికిపోతుంది.

ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడు సెక్షన్ 9 ప్రకారం పరీక్ష పాసైన ప్రాసెస్‌లో (వెల్డింగ్ పద్ధతిలో) 6 నెలలు, ఆపైన వెల్డింగ్ చేయకపోతే అర్హత పోతుంది. అందుకే కంటిన్యుటీ లాగ్ (ఎప్పుడు ఏ ప్రాసెస్‌లో వెల్డింగ్ చేశారో రాసే రికార్డు) కాపీ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మన సముద్రపు గాలికి 7018 రకం వెల్డింగ్ రాడ్ల ప్యాకెట్ విప్పి వదిలేస్తే చెమ్మ పడతాయి, అతుకు పగులుతుంది. రాడ్లను వేడిగా, పొడిగా ఉంచే ఓవెన్ లేని సైటంటే నాకు నమ్మకం లేదు.

ఇక పీఎఫ్. కాంట్రాక్టరు మారినప్పుడల్లా డబ్బు తీసేయకండి, అదే యూఏఎన్‌లో (పని మారినా మారని పీఎఫ్ నంబరు) బదిలీ చేయించండి. పెన్షన్‌కి 10 ఏళ్ల సర్వీసు కావాలి; మధ్యలో పెన్షన్ వాటా కూడా తీసేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.