మార్కెస్సాక్ పొదల మధ్య

ఫ్రాన్స్‌లో దోర్దోన్య్ నది పక్కన, కొండ మీదున్న మార్కెస్సాక్ తోట చూసొచ్చాం. 22 హెక్టార్లలో లక్షా యాభై వేలకు పైగా బాక్స్‌వుడ్ పొదలు! 1861లో ఈ ఎస్టేట్ వారసత్వంగా అందుకున్న జూలియాన్ ద సెర్వాల్, ఇటలీ తోటల మీద ఇష్టంతో వీటిని వేలకు వేలు నాటించాడు.

మన పార్కుల్లో కంచెగా పెంచే డురాంటా కత్తిరించిన కొద్దిరోజులకే మళ్లీ ఏపుగా లేస్తుంది. బాక్స్‌వుడ్ అలా కాదు, చాలా నెమ్మది. చిన్న చిన్న ఆకులు ఒత్తుగా ఉంటాయి, చలికాలంలోనూ రాలవు. అందుకే తీర్చిన ఆకారం నెలల తరబడి నిలుస్తుంది. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి చదరాలు కాదు, మేత మేసి పడుకున్న గొర్రెల మందలా ఒకదాన్నొకటి ఆనుకున్న గుండ్రటి పొదలు. ఇన్నింటినీ ఇప్పటికీ చేతి కత్తెరలతోనే కత్తిరిస్తారట! ఆ తోటమాలులకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఒక్కటే బెంగ. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఒక చిమ్మట 2007 ప్రాంతంలో యూరప్‌లో కనిపించింది. దాని ఆకుపచ్చ గొంగళిపురుగులు పొద లోపలి నుంచి ఆకులు తినేస్తాయి, అవి అయిపోతే బెరడు కూడా. విసిగిపోయి బాక్స్‌వుడ్ పీకేసి, దాన్ని పోలిన జపనీస్ హాలీ అనే పొద నాటుకుంటున్నవాళ్లూ ఉన్నారు. పీకేయకండి, ప్లీజ్. యూరప్‌లో ఉన్న మనవాళ్లెవరింట్లోనైనా ఈ పొదలుంటే, వసంతం మొదలవగానే కొమ్మలు విడదీసి లోపల చూడండి. సన్నటి దారాలు, పురుగులు కనిపిస్తే వెంటనే చేత్తో ఏరేయండి, లేదా బీటీ (గొంగళిపురుగులను చంపే బ్యాక్టీరియా) స్ప్రే కొట్టండి.